బండకు ఇద్దరు సాక్షులు

మా ఊరి రాళ్లు పుట్టినప్పుడు చూసినవాళ్లెవరని ప్రభుత్వం అడిగిన సంవత్సరంలోనే మా ఆవిడ సుంకులమ్మకు మోకాళ్లు పోయాయి. రెంటికీ సంబంధం లేదు. తర్వాత కలిగింది.

మా ఊరు బండకొట్టాల. బేతంచెర్ల దాటి ఎర్రమట్టి దారిన పోతే వస్తుంది. ఊరి కింద అంతా నాపరాయే. పరుపు మీద పరుపు పేర్చినట్టు పొర మీద పొర. ఆ పొరల సందులో ఉలి పెట్టి, సుత్తితో తట్టి, ఒక పొరను ఇంకో పొర నుంచి విడదీయడం నలభై ఏళ్లుగా నా పని. ఈ పనికి మాటలు అక్కరలేదు. తట్టాలి, వినాలి. గంటలా మోగితే మంచి బండ. డొల్లగా పలికితే లోపల నెర్రె ఉంది. నోరు ఆడుతుంటే ఆ తేడా చెవికి తెలియదు. గనిలోని ఆ అలవాటు ఇంట్లోకి కూడా తెచ్చుకున్నానని సుంకులమ్మ ఊరందరికీ చెబుతుంది.

మోకాళ్లు పోయాక ఆమె కింద కూర్చుంటే లేవలేకపోయేది. ఎదురింటి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చెరొక రెక్క పట్టుకుని లేపేవాళ్లు. వాళ్లు చేలోకి పోయిన రోజు సాయంత్రం దాకా అట్లాగే కూర్చుని వచ్చేపోయేవాళ్లను తిట్టేది.

ఒకరోజు నాతో అంది: "ఊళ్లో అందరి ఇండ్లకూ బండలు పరిచినావు. పంచాయతీకి పరిచినావు, బడికి పరిచినావు. నీ ఇంటి ముందర కూచునేకి ఒక ఎత్తు బండ ఉందా? మోకాలంత ఎత్తున ఒక్క బండ ఏసిస్తే నా బతుకు నేను బతుకుతా గదా!"

"సరే" అన్నాను.

"సరే అంట సరే! ఇంగో మాట వస్తే నోరు అరిగిపోతాదేమో!"

నెలల తరబడి వెదికాను. చివరికి గని పడమటి మూల దొరికింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగు వేళ్ల మందం. తట్టితే మోత గని అవతలి గట్టు దాకా పోయి తిరిగి వచ్చింది. పైన సన్నటి అలలున్నాయి. నీళ్లు వచ్చి, పోయి, ఇసుక మీద గీసినట్టు. ఎప్పటి నీళ్లో. ఒక్క పెళ్ల కూడా ఊడకుండా పైకి తీశాను. మర్నాడు బండి కట్టుకుని తెద్దామనుకున్నాను.

మర్నాడు జీపు వచ్చింది.

దాని మీద 'పొరరాళ్ల పరిశీలన కార్యాలయం' అని రాసుంది. ముందు సీటులో నుంచి అధికారి చిదానందమూర్తి గారు దిగారు. వెనక సీటులో నుంచి గుమాస్తా హుసేన్ పీరా, ఒక కట్ట కాగితాలు, ఒక సీసా, ఒక భూతద్దం దిగాయి.

"యావన్మందికీ తెలియజేయునది ఏమనగా," అన్నారు మూర్తి గారు. గనిలో నేనొక్కణ్నే ఉన్నాను. "ఇకమీదట ఈ ప్రాంతమందలి ప్రతి పొరరాయినీ మూడు అంశాల కింద శాస్త్రీయంగా అధ్యయనం చేయడం జరుగుతుంది. ఒకటి, సదరు శిల దేనితో కూడినది. రెండు, దాని కణాల అల్లిక ఎట్టిది. మూడు, అది ఏర్పడిన విధం ఏమి. మూడు గడులూ పూర్తిగా నిండిన శిలకు మాత్రమే గని దాటే అర్హత ఉంటుంది."

ఎదురుగా నా బండే ఉంది. దాంతోనే మొదలుపెట్టారు.

సీసాలోంచి నాలుగు చుక్కలు పోశారు. బండ బుసబుసమని పొంగింది. "సున్నం" అన్నారు. పీరా రాసుకున్నాడు. భూతద్దం పెట్టి చూశారు. "కణములు కంటికి కానరానంత సూక్ష్మము. బంకమట్టి పాలు కొంత." పీరా అదీ రాసుకున్నాడు. పని తెలిసినాయనే అనుకున్నాను. అలల మీద చెయ్యి పెట్టినప్పుడు ఆయన ముఖం కూడా ఒక్క క్షణం అధికారి ముఖంలా లేదు. "ఇక్కడ సముద్రముండేదయ్యా," అన్నారు మెల్లగా. "నూరు కోట్ల ఏండ్ల కిందట. బురద ఒక్కొక్క రేణువుగా అడుక్కి దిగి, దాని మీద ఇంకో పొర దిగి, బరువుకు గట్టిపడి రాయి అయ్యింది."

తర్వాత మూడో గడి వచ్చింది. పీరా చదివాడు.

"ఏర్పడిన తేదీ. ఏర్పడిన స్థలము. సదరు శిల ఏర్పడునపుడు సమక్షమందుండి కన్నులారా చూచిన సాక్షులు ఇద్దరు. వారి తండ్రి పేరు, వృత్తి, నివాసము, సంతకము లేక వేలిముద్ర."

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఎవరూ లేరు సార్" అన్నాను.

"లేరని మీరెట్లా చెప్పగలరు? మీరప్పుడు అక్కడ ఉన్నారా?"

"లేను."

"అట్లయితే సాక్షులు ఉన్నారనడానికీ ఆధారం లేదు, లేరనడానికీ ఆధారం లేదు. పీరా! శిలను నిలుపుదలలో ఉంచు."

పీరా ఎర్ర రంగు డబ్బా తీసి నా బండ మూలన ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కొట్టాడు. ఇక దాన్ని కదపకూడదు, అమ్మకూడదు, దాని మీద కూర్చోకూడదు. మూర్తి గారు జీపు ఎక్కాక పీరా వెనక్కి వచ్చి నా చెవిలో అసలు సంగతి చెప్పాడు.

"మద్దిలేటన్నా, నామీద కోపం పెట్టుకోవద్దు. ఆ ఫారం భూమి రిజిస్ట్రేషన్‌ది. పై ఆఫీసులో టైపు చేసేటాయప్ప 'భూమి' అని ఉన్న చోటల్లా 'శిల' అని కొట్టినాడు. కింద సాక్షుల గడి తీసెయ్యడం మర్చిపోయినాడు. ఎనభై వేల ఫారాలు అచ్చయినాయి."

"మార్చరా?"

"ఫారం మార్చాలంటే దానికొక ఫారముంది. అది ఇంగా అచ్చు కాలేదు."

ఇంటికి పోయి సుంకులమ్మకు చెప్పాను. "బండ రాదు" అన్నాను. ఎందుకని అడిగింది. "సాక్షులు లేరు" అన్నాను. నలభై ఏళ్లకు నాకు మతి పోయిందనుకుంది.

వారానికల్లా ఊరు ఊరంతటికీ కాళ్లు పోయాయి.

మూర్తి గారు నిజాయితీపరుడు. అదే చిక్కు. గనిలోని రాయికి సాక్షి కావాలంటే, గని నుంచి ఎప్పుడో వచ్చి ఇళ్లల్లో పరుచుకున్న రాయికి మాత్రం వద్దా? ఇంటింటికీ వచ్చి ఎర్ర గీతలు కొట్టారు. గీత పడిన బండ మీద నడిస్తే అనధికార వినియోగం. మా ఊళ్లో నడవడానికి బండ తప్ప ఇంకొకటి లేదు. ఇల్లు బండ, వాకిలి బండ, వీధి బండ. జనం కొయ్య గడపల మీద నుంచి గడపల మీదికి, మట్టి అరుగుల అంచుల మీద నుంచి రోళ్ల మీదికి దూకుతూ పోయారు. రోలు గుండు రాయితో చేసింది, పొరరాయి కాదు, దానికి మినహాయింపు ఉంది. పెద్దమనుషులు రోళ్ల మీద నిలబడి మాట్లాడుకునేవాళ్లు.

మూర్తి గారు తాను మాత్రం రూలు తప్పలేదు. జీపు డ్రైవరు రెండు చెక్క పలకలు పట్టుకుని ముందు నడిచేవాడు. ఒకటి వేస్తే సారు దాని మీద అడుగు పెట్టేవారు. అప్పుడు రెండోది వేసి, మొదటిది తీసి, మళ్లీ ముందు వేసేవాడు. పంచాయతీ ఆఫీసు నుంచి మా ఇంటికి రెండు నిమిషాల దారి. సారు రావడానికి ముప్పావు గంట పట్టేది. వస్తున్నారని తెలిసి వంట చేసుకుని తిని కూడా ఎదురుచూడొచ్చు.

బడిలో పిల్లలు బల్లలెక్కి కూర్చున్నారు. అయ్యవారు కుర్చీ మీద నిలబడి 'నేల మీద దిగరాదు' అని నల్లబల్ల మీద రాశాడు. మూర్తి గారు చదివి మెచ్చుకుని, ఆ సుద్దముక్క కూడా ఒకప్పుడు నీటి అడుగున దిగినదేనని గుర్తించి స్వాధీనం చేసుకున్నారు. ఆ మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు వెనక వసారాలో, బండ పరవని సిమెంటు గచ్చు మీద నిలబడి భోంచేస్తూ, సిమెంటు కూడా సున్నపురాయి పిల్లే కదా అని పీరా పొరపాటున అన్నాడు. ముగ్గురూ అన్నం పళ్లాలతో బెంచీ ఎక్కారు. పళ్లెంలో రాళ్ల ఉప్పు కనిపించింది. అదీ నీళ్లు ఇగిరిపోతే అడుగున మిగిలినదే. ఆ రోజు నుంచి వాళ్ల కూర చప్పగా ఉండేదని వంటమనిషి చెప్పింది.

తర్వాత మా ఇంటికి వచ్చారు. సుంకులమ్మ గడప మీద ఒదిగి కూర్చుని ఆకుకు సున్నం రాస్తోంది.

"అమ్మా, ఆ డబ్బీలో ఏమిటి?" అన్నారు పలక మీద నిలబడి.

"సున్నం సార్. ఏసుకుంటారా?"

"దీనికి సాక్షులున్నారా?"

"ఉన్నారు సార్. నేను పొయ్యి మీద రాయి కాల్చి నీళ్లు పోస్తాంటే ఊరంతా చూసింది."

"సున్నం సంగతి కాదమ్మా, సున్నమైన ఆ రాయికి."

డబ్బీకి లక్క వేసి సీలు కొట్టి పీరా జేబులో వేయించారు. ఆమె వాళ్లు పోయేదాకా ఊరుకుంది. మధ్యలో తిట్టడం మొదలుపెడితే ముప్పావు గంట తిట్టాల్సి వస్తుందని కాబోలు. పోయాక నా వైపు తిరిగింది.

"కూచునేకి బండ పాయె. నోట్లోకి సున్నం పాయె. నువ్వు మాత్రం గుండులాగా నిలబడు! ఒక్క సాక్షిని తేలేవా? ఇద్దరు గదా కావాల్సింది? సచ్చి బతికి నేనొకదాన్ని చెప్పనా చూసినానని?"

ఆ మాట నా మనసులో పడింది.

మా వైపు భూమి అమ్మేటప్పుడు, కొనేటప్పుడు సాక్షి సంతకాలకు మనుషులను వెదుక్కోరు. రిజిస్ట్రారు ఆఫీసు వసారాలో ఓబులేసు ఉంటాడు. కొన్నవాళ్లు తెలియదు, అమ్మినవాళ్లు తెలియదు, పొలం ఎక్కడుందో తెలియదు. అయినా అంతా దగ్గరుండి చూసినట్టు సంతకం పెడతాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. బేతంచెర్ల చుట్టుపక్కల ఆయన చూడకుండా చేతులు మారిన సెంటు భూమి లేదు. బస్సెక్కి పోయి పిలుచుకొచ్చాను. బండ సాక్ష్యం తానెప్పుడూ చెప్పలేదన్నాడు, కానీ భయపడలేదు.

గనిలో మూర్తి గారు పలక మీద, ఓబులేసు ఇంకో పలక మీద నిలబడ్డారు.

"ఈ శిల ఏర్పడినప్పుడు మీరు సమక్షమందున్నారా?"

"ఉన్నా సార్."

"ఏమి చూచితిరి?"

"నీళ్లు సార్. యాడ చూసినా నీళ్లే. నేను గట్టు మీద నిలబడినా. బురద ఇట్లా ఇట్లా దిగుతాంది. ఇదేదో బండ అవుతాదే అనుకున్నా."

"తేదీ?"

"శుక్రవారం సార్."

"ఈ శిల వయసు నూరు కోట్ల ఏండ్లు. మీ వయసు?"

ఓబులేసు తడబడలేదు. "అప్పుడు నేను చాన చిన్నోన్ని సార్."

మూర్తి గారు ఫారంలో వెదికారు. సాక్షికి వయోపరిమితి అనే గడి లేదు. లేని గడిలో అభ్యంతరం రాయడానికి వీల్లేదు. నాకు ఆశ కలిగింది. బండి కట్టేందుకు ఎద్దుల వైపు చూశాను కూడా.

"నివాసం?" అన్నారు.

"బేతంచెర్ల సార్."

"అక్కడే పొరపాటు. ఆ కాలమందు బేతంచెర్ల సముద్రంలో ఉన్నది. మీరు సముద్ర నివాసి అని ధ్రువపత్రం ఉండాలి."

"అది ఎవరిస్తారు సార్?"

మూర్తి గారు ఆలోచించి చేపల శాఖకు ఉత్తరం రాశారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. పీరా మాకు చదివి వినిపించాడు: 'మా రికార్డుల ప్రకారం సదరు మండలంలో సముద్రం లేదు. ఉన్నచో తక్షణం తెలియజేయవలెను. చేపపిల్లలను పంపగలము.'

జవాబు వినడానికి వచ్చిన ఓబులేసు ఇంటికి పోయాడు. ముప్పై ఏళ్లలో తన సాక్ష్యం చెల్లకపోవడం ఇదొక్కసారేనని బస్సు ఎక్కేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నేను ఇంటికొచ్చి 'కాలేదు' అన్నాను. సుంకులమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఎదురింటివాళ్లు లేరు. గోడ పట్టుకుని తానే లేవబోయి మళ్లీ కూలబడింది. నేను పోయి రెక్క పట్టుకున్నాను. "వదులు" అంది. "బండ తెచ్చినప్పుడు పట్టుకుందువులే."

ఇంతలో రాష్ట్రమంతా ఇదే గొడవ అయిందట. పై ఆఫీసు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. మూర్తి గారు పంచాయతీ ముందర రోలెక్కి చదివారు. జనం చుట్టూ గడపల మీద నిలబడి విన్నారు.

"పాత శిలలకు సాక్షులు లేనందున, ప్రతి కార్యాలయమూ ఒక నూతన పొరరాయిని, ఇద్దరు సాక్షుల సమక్షమున, ఆది నుంచి అంతము వరకూ ఏర్పరచవలెను. దానితో కూర్పునందు, అల్లికయందు సరిపోలిన పాత శిలలన్నీ క్రమబద్ధీకరించబడును. గడువు మార్చి ముప్పై ఒకటి."

అప్పటికి జనవరి.

సున్నపునీళ్లు, బంకమట్టి, సన్న ఇసుక సిద్ధం చేశారు. పోయడానికి రాతి తొట్టి పనికిరాదు, దానికే సాక్షులు లేరు. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి తెచ్చారు. ఇక సాక్షులు కావాలి. సాక్షి తొట్టి ముందు నుంచి కదలకూడదు. మాటిమాటికీ మాట్లాడకూడదు, శ్వాసకు బురద కదులుతుంది. ఊళ్లో పదిహేను మందిని పిలిచి పరీక్ష చేశారు. నా వంతు వచ్చింది.

"పేరు?"

"మద్దిలేటి."

"రాళ్లతో అనుభవం?"

"నలభై ఏండ్లు."

"ఇంకేమైనా చెప్పదలచారా?"

నేను చెప్పలేదు. ఆయన చాలాసేపు ఎదురుచూశారు. నేను కూడా ఎదురుచూశాను. ఆయన పీరా వైపు తిరిగి, "ఇన్నాళ్లు ఎక్కడున్నాడయ్యా ఈయన?" అన్నారు.

రెండో సాక్షి దొరకలేదు. మిగిలినవాళ్లంతా ఏదో పనికి లేచి పోయేవాళ్లే. అప్పుడు పీరా గొంతు సవరించుకున్నాడు. "సార్, మద్దిలేటన్న భార్య ఉంది. ఆయమ్మ కూచుంటే లేయలేదు."

అరగంటకు పలకలు మా వాకిట్లోకి వచ్చాయి.

"అమ్మా, మీరు ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవలేరని తెలిసింది. నిజమేనా?"

"యాడ లేసేది సార్! ఇద్దరు పట్టి లేపాల."

"అద్భుతం!" అన్నారు మూర్తి గారు. "శాఖకు మీవంటివారే కావాలి."

సుంకులమ్మ నా వైపు చూసింది. నేను బండ వైపు, అంటే గని వైపు చూశాను. నలభై ఏళ్ల కాపురంలో ఆమెకు నా మాట కంటే నా చూపే బాగా అర్థమవుతుంది.

"కూచుంటా గాని సార్, నేల మీద కూచోలేను. పైగా నేలంతా మీ ఎర్ర గీతలాయె. ఎత్తుగా ఒక బండ ఉండాల."

"కుర్చీ తెప్పిస్తాం."

"కుర్చీకి కోరిక పత్రం పెట్టి రెండేండ్లయింది సార్," అన్నాడు పీరా. "మీ కుర్చీయే ఇంగా రాలేదు."

మూర్తి గారు నిబంధనల పుస్తకం తిప్పారు. 'సాక్షి ఆసనము స్థానికంగా లభించు వస్తువుతో ఏర్పాటు చేయవలెను' అని ఉంది.

"గనిలో ఒకటుంది" అన్నాను.

"అది నిలుపుదలలో ఉన్న శిల. దాని మీద ఎవరూ కూర్చోరాదు." ఆయన ఇంకో పేజీ తిప్పారు. అక్కడ ఆగారు. "అయితే నిలుపుదలలో ఉన్న శిలను దర్యాప్తు నిమిత్తం శాఖ వినియోగించుకొనవచ్చును. మీరు కూర్చుంటున్నది సుఖానికా, దర్యాప్తుకా?"

"దర్యాప్తుకే సార్!" అంది సుంకులమ్మ. "సుఖమనేది నాకు ఈయప్పను చేసుకున్నప్పటి నుంచీ తెలీదు."

మర్నాడు నా బండ నా బండి మీద, ముందు జీపు, వెనక పీరాతో ఊళ్లోకి వచ్చింది. మా ఇంటి ముందర ఆరుగురం దించాం. కింద రెండు నాప దిమ్మెలు పెట్టి పైన పరిచాను. దిమ్మెలకు విడిగా ఉత్తర్వు రాయించుకోవాల్సి వచ్చింది. పీరా ఎర్ర గీత చెరిపి, తెల్ల రంగుతో 'సాక్షి ఆసనము, నెం. 1' అని రాశాడు. మోకాలంత ఎత్తు. సుంకులమ్మ వెనక్కి వాలి, ఎవరూ పట్టుకోకుండానే కూర్చుంది. అరచేతితో అలలను నిమిరింది. ఏమీ అనలేదు. ఈసారి అనకపోవడం వేరు.

ఎదురుగా నీలం తొట్టి తెచ్చి పెట్టారు. అందులో బురద. మేము చూడటం మొదలుపెట్టాం.

సోమవారం సోమవారం పీరా వచ్చి అడిగేవాడు. "శిల స్థితి?"

"బురద."

బురద అని పంపితే పై ఆఫీసు ఒప్పుకోదు, శాతాల్లో కావాలి. మొదటి వారం మూర్తి గారు వేలితో నొక్కి చూసి 'మూడు శాతం శిల' అని రాయించారు. రెండో వారం పైన కాస్త ఎండింది, పదకొండు శాతం. మూడో వారం అకాల వాన పడి, మొత్తం మళ్లీ పలచబడింది. 'గత నివేదిక కంటె పద్నాలుగు శాతం తక్కువ' అని రాశారు. అంటే బురద కంటే మూడు శాతం వెనకబడింది. పై నుంచి తాకీదు వచ్చింది. పనితీరు మందకొడిగా ఉన్నందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఎవరు ఇవ్వాలో రాయలేదు. మూర్తి గారు బాగా ఆలోచించి దాన్ని తొట్టికి అంటించారు.

"ఏమి సార్, దానికి చదువొచ్చా?" అంది సుంకులమ్మ.

"అందజేయడం మా విధి అమ్మా."

ఏడు రోజులు గడిచాయి. 'గడువులోగా సంజాయిషీ అందలేదు' అని పీరా రాసుకుపోయాడు.

మార్చి ముప్పై ఒకటిన శిలను స్వీకరించడానికి పై సారు స్వయంగా వచ్చారు. లావైన మనిషి. నాలుగు పలకలు, ఇద్దరు డ్రైవర్లు. మా వాకిలి చేరేసరికి పూర్తిగా అలసిపోయారు. కూర్చోవడానికి చూస్తే ఊరంతటిలో ఎర్ర గీత లేని బండ ఒక్కటే ఉంది. దాని మీద మేమున్నాం. సాక్షులు తప్ప కూర్చోరాదని మూర్తి గారు చేతులు నలుపుకుంటూ చెప్పారు. పై సారు తన్ను మూడో సాక్షిగా రాసుకోమని చెప్పి మా పక్కన కూర్చున్నారు.

కూర్చుని తొట్టిలోకి చూశారు. పైన పెచ్చు కట్టి నెర్రెలు వాసింది. దాని మీద మా కోడి నడిచిన కాలిగుర్తులు.

"ఇది శిల అవుతుందా?" అని నన్ను అడిగారు.

"అవుతాది."

"ఎప్పటికి?"

నేను పక్కకు జరిగి, మేం కూర్చున్న బండ మీది అలలను వేలితో చూపించాను. మూర్తి గారు నా బదులు మెల్లగా అందించారు. "దీనికి నూరు కోట్ల ఏండ్లు పట్టినది సార్."

పై సారు ఒకసారి బండను, ఒకసారి తొట్టిని చూశారు. ఊరంతా గడపల మీద నుంచి ముందుకు వంగింది.

"అట్లయితే," అన్నారు, "గడువు పొడిగించడం తప్ప మార్గం లేదు. నూరు కోట్ల సంవత్సరాలు పొడిగించడమైనది. ఆ ఏటి మార్చి ముప్పై ఒకటి దాటరాదు. అంతవరకూ పాత శిలలన్నిటికీ తాత్కాలిక అనుమతి. జనులు నడవవచ్చును."

జనం గడపల మీద నుంచి ఒక్కసారి దూకారు. నాలుగు నెలల తర్వాత నేల మీద కాళ్లు పెట్టి, ఏం చేయాలో తెలియక అక్కడక్కడే తొక్కుకుంటూ నిలబడ్డారు. పీరా జేబులోంచి సున్నం డబ్బీ తీసి, సీలు ఊడదీసి సుంకులమ్మ చేతికిచ్చాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

పై సారు లేవలేదు. బండను తట్టారు. అది గంటలా మోగింది. వంగి అలలను చూశారు.

"మూర్తి గారూ, ఇంత చక్కని బండ పల్లెలో ఎందుకు? శాఖ ఆస్తే కదా, నెంబరు కూడా ఉంది. మా ప్రధాన కార్యాలయం ముందు హాల్లో వేయించండి. ఈ రోజే ఎత్తించండి."

ఇద్దరు డ్రైవర్లు ముందుకొచ్చారు. నా చేతిలో సుత్తి లేదు. ఉన్నా ఏం చేసేవాణ్నో తెలియదు. నోరు తెరిచాను. దేనికి తెరిచానో నాకే తెలియలేదు, అలవాటు లేని పని.

సుంకులమ్మ నింపాదిగా ఆకుకు సున్నం రాసుకుంది.

"తీస్కపోండి సార్. కానీ నేను లేయలేను గదా."

"ఇద్దరు పట్టుకుని లేపుతారమ్మా."

"లేపితే నేను తొట్టిని ఇడిసిపెట్టినట్టు గదా సార్? మీ కాయితంలో ఏముండాదో ఈ సారునే అడగండి."

అందరూ మూర్తి గారి వైపు చూశారు. ఆయన పై సారు ముఖం చూశారు, పుస్తకం చూశారు. ఒకసారి ఆ అలల వైపు చూశారు. ముందే చెప్పాను, నిజాయితీపరుడు.

"నిబంధన పదకొండు సార్. శిల ఏర్పడునంతవరకూ సాక్షిని ఆసనం నుంచి గాని, ఆసనాన్ని సాక్షి నుంచి గాని వేరుచేయరాదు."

"అయితే శిల ఏర్పడ్డాక?"

"ఏర్పడిన మరునాడే ఎత్తించవచ్చును సార్."

"సరే," అన్నారు పై సారు. "అట్లాగే రాయండి."

"ఆ పొద్దు తప్పకుండా రండి సార్," అంది సుంకులమ్మ. "బండి మేమే కట్టిస్తాం."

ఎత్తు బండ మీద నుంచి ఆమె సులువుగానే లేస్తుంది. ఆ రోజు పొద్దున్నే రెండుసార్లు లేచి వచ్చి కూర్చుంది. నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు రోజూ ఎండ దిగాక ఇద్దరం ఆ బండ మీద కూర్చుంటాం. తొట్టి ఎదురుగానే ఉంది, మేము శాఖ సాక్షులం. సోమవారం పీరా వస్తాడు. ఆకు వేసుకుంటాడు. "శిల స్థితి?" అంటాడు. "బురద" అంటాను. రాసుకుని పోతాడు. ఈ మధ్య బురద కాస్త గట్టిపడినట్టుంది, నొక్కితే వేలు లోపలికి పోవడం లేదు, ఎందుకైనా మంచిదని పై ఆఫీసుకు రాయమంటావా అని మొన్న అడిగాడు. నేను ఏమీ అనలేదు.

అతను వీధి మలుపు తిరిగాక సుంకులమ్మ లేచింది. లోపలికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. తొట్టి చుట్టూ తిరుగుతూ, మూలమూలా తడిసేటట్టు పోసింది. పుల్లతో అడుగుదాకా కలిపింది. వచ్చి మళ్లీ నా పక్కన కూర్చుంది.

కన్నులారా చూశాను. నేనొక సాక్షిని. అడిగితే చెబుతాను.